క్యారెట్ వద్దు, అరటికాయ ముద్దు అన్న ఇంట్లో: ఒక డైటీషియన్ కేస్ స్టడీ

షుగర్ అని తేలిన మర్నాటి నుంచే మన ఇళ్లలో కొన్ని కూరగాయలకు తలుపు మూసేస్తారు. బంగాళదుంప, చేమదుంప, కంద, చిలగడదుంప ఎలాగూ పోతాయి, వాటి వెనకాలే క్యారెట్, బీట్‌రూట్ కూడా పోతాయి, ఎందుకంటే అవీ నేల లోపలే ఊరతాయి, పైగా నోటికి తియ్యగా తగులుతాయి. ఆ ఖాళీలోకి వచ్చి కూర్చునేది చాలా ఇళ్లలో అరటికాయ. చెట్టుకు కాస్తుంది, చప్పగా ఉంటుంది, పండు కాదు, కాబట్టి మంచిదే అయ్యుంటుందని లెక్క. ఈ లెక్క ఎక్కడ తప్పుతుందో బాగా కనిపించిన కేసు ఒకటి రాస్తున్నాను. ఊరు, పేర్లు చెప్పను, కోనసీమలో ఒక పల్లె అనుకోండి.

ఆవిడకు 61 ఏళ్లు. షుగర్ వచ్చి తొమ్మిదేళ్లయింది, మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్ అనే షుగర్ మాత్రలు వాడుతున్నారు. బరువు 68 కిలోలు, పొట్ట దగ్గర కాస్త ఎక్కువ. హెచ్‌బీఏ1సీ, అంటే మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష, 8.6. పరగడుపున 140 దగ్గర ఉండే షుగర్ మధ్యాహ్నం భోజనం తర్వాత 240కి పోతోంది. టిఫిన్ తర్వాత అంత పెరగట్లేదు, రాత్రి కూడా ఫర్వాలేదు, అసలు గొడవంతా మధ్యాహ్నమే. వెంట వచ్చిన భర్త రిటైరైన టీచర్, 67 ఏళ్లు, మాస్టారు అనే పిలుస్తాను. ఆయనకు షుగర్ లేదు గానీ బీపీ పాతది, కిడ్నీల పనితీరు తగ్గింది. ఆయన కథ తర్వాత చెప్తాను, అప్పటికి ఆయన నా పేషెంట్ కూడా కాదు, ఊరికే తోడు వచ్చారు.

మధ్యాహ్నం ఏం తింటారని అడిగితే ఆవిడ చాలా నమ్మకంగా చెప్పారు. "అన్నం బాగా తగ్గించేశానమ్మా, కప్పుడే. కూర ఎక్కువ తింటాను, అలా తినమనే కదా అందరూ చెప్తారు." ఏం కూరలు అంటే, "ఎక్కువగా అరటికాయేనమ్మా, పెరట్లో బొంత అరటి ఉంది, గెల కోస్తే వారం వస్తుంది. ఇంకేం తినను? క్యారెట్లు మానేశాను, తియ్యగా ఉంటాయి కదా."

అన్నం తగ్గించి కూర పెంచండి అనేది మేం రోజూ చెప్పే మాటే. కాకపోతే ఆ మాట చెప్పేటప్పుడు మా మనసులో ఉండేది బెండకాయ, దొండకాయ, బీరకాయ, సొరకాయ, ఆకుకూర. కూర అంటే ఏ కూరైనా ఒకటే అని అవతలివాళ్లు అనుకోవడంలో తప్పేం లేదు, మనం విడమరిచి చెప్పకపోతే వాళ్లకెలా తెలుస్తుంది? ఆవిడ కూర గిన్నె తెప్పించి చూశాను. వేపుడు నిండుగా పెడితే 150 గ్రాములు దాటుతోంది. వారంలో నాలుగైదు రోజులు ఇదే, వేపుడో, ఆవపెట్టిన కూరో, పులుసో, లేదంటే నిప్పుల మీద కాల్చి పొడి చేసిందో.

ఇక్కడ అంకెల్లోకి వెళ్లాలి, వెళ్లగానే ఒక చిక్కు ఉంది.

క్యారెట్ విషయంలో పెద్దగా పేచీ లేదు. అమెరికా వ్యవసాయ శాఖ పట్టిక ప్రకారం 100 గ్రాముల పచ్చి క్యారెట్‌లో నీరు 88 గ్రాములు, 41 కిలో క్యాలరీలు, పిండిపదార్థాలు 9.6 గ్రాములు, అందులో పీచు 2.8 గ్రాములు, చక్కెర 4.7 గ్రాములు. మన హైదరాబాద్ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ పాత పట్టికలో కూడా 48 కిలో క్యాలరీలు, 10.6 గ్రాముల పిండిపదార్థాలు, అంటే కాస్త అటూ ఇటూగా అదే.

అరటికాయ దగ్గరే తేడా వస్తుంది. అమెరికా పట్టికలో పచ్చి ప్లాంటైన్‌కి, అంటే అక్కడి వంట అరటికాయకు, 100 గ్రాములకు 150 కిలో క్యాలరీల దాకా, పిండిపదార్థాలు 36 గ్రాముల పైచిలుకు, నీరు 60 శాతం లోపే. మన పాత పట్టికలో అదే పచ్చి అరటికాయకు 64 కిలో క్యాలరీలు, 14 గ్రాముల పిండిపదార్థాలు, నీరు 83 శాతం. ఒకటి రెండోదానికి రెండున్నర రెట్లు. ఈ రెండిట్లో దేన్ని పట్టుకుంటామనేదాన్ని బట్టి ఆవిడకిచ్చే సలహా మారిపోతుంది. మన పట్టిక నమ్మితే అరటికాయ, క్యారెట్ మధ్య పెద్ద తేడాయే లేదు, 14కీ 10.6కీ ఏముంది? అమెరికా పట్టిక నమ్మితే నాలుగు రెట్లకు దగ్గర.

ఈ గొడవ నేను లేవనెత్తింది కాదు, వాళ్లబ్బాయి లేవనెత్తాడు. డాలస్‌లో ఉంటాడు, ఫోన్ యాప్‌లో అమ్మ భోజనం లెక్క కట్టి, మీరు చెప్పిన అంకె తప్పండీ, ఇందులో డబుల్ పైన ఉంది అని వీడియో కాల్‌లో అడిగాడు. అక్కడ అతను మెక్సికన్ కొట్లో కొనే ప్లాంటైన్, వాళ్లమ్మ పెరట్లో కోసే బొంత అరటి ఒకే కాయ కావు. అక్కడ దొరికేది పొడుగ్గా, కండ గట్టిగా, నీరు తక్కువగా ఉండే రకం. మన బొంత పొట్టిగా, లావుగా, పలకలు దేరి ఉంటుంది, ఉడికిస్తే మెత్తగా విడిపోతుంది. అమెరికాలో ఉండి ఆ కాయతో అమ్మ చేతి వేపుడు చేసుకునే తెలుగువాళ్లు ఈ సంగతి గుర్తుపెట్టుకుంటే మంచిది, కూర అదే అయినా కంచంలో పడే పిండి అదే కాదు.

మరి పెరటి కాయకు ఏ అంకె? ల్యాబ్‌కి పంపేంత సీన్ లేదు. ఆవిడకు వడియాలు, ఒరుగులు పెట్టే అలవాటు ఉంది, దాన్నే వాడుకున్నాం. కాయ తొక్క తీసి, చేతికి నూనె రాసుకుని (లేకపోతే ఆ జిగురు వదలదు), పల్చటి చక్రాలు కోసి, కిచెన్ త్రాసు మీద సరిగ్గా 100 గ్రాములు తూచి, మేడ మీద గుడ్డ పరిచి ఎండబెట్టమన్నాను. మామూలుగా అయితే నల్లబడకుండా మజ్జిగ నీళ్లలో వేస్తారు, తూకం చెడుతుందని ఈసారి వద్దన్నాను. చక్రాలు నల్లగా మాడినట్టయ్యాయి, ఆవిడకు అస్సలు నచ్చలేదు. గలగలలాడేలా ఎండాక తూస్తే 29 గ్రాములు. ఆ ఒరుగులో ఎంతో కొంత తడి మిగిలే ఉంటుంది, కాస్త మాంసకృత్తులు, పీచు, ఖనిజాలు ఉంటాయి, అవన్నీ తీసేస్తే పిండిపదార్థం సుమారు 24, 25 గ్రాములు అనుకోవచ్చు. రెండు పట్టికలకూ మధ్యలో పడింది. ఇది పరిశోధన కాదు, ఆ పెరట్లో ఆ గెలకు పనికొచ్చే లెక్క, నాకు కావాల్సింది కూడా అంతే.

ఆ లెక్కన గిన్నెడు అరటికాయ కూర, అంటే 150 గ్రాములు, 37 గ్రాముల పిండిపదార్థం. వండిన అన్నంలో 100 గ్రాములకు 28 గ్రాముల దాకా ఉంటుంది కాబట్టి ఇది దాదాపు 130 గ్రాముల అన్నానికి సమానం. ఆవిడ అన్నం తగ్గించిందీ అంతే. ముందు గుమ్మంలోంచి పంపించినవాణ్ణి దొడ్డిదారిన లోపలికి పిలిచినట్టయింది. అదే 150 గ్రాముల క్యారెట్ అయితే 14 గ్రాములు, అందులో నాలుగు గ్రాములు పీచు.

నోటికి తీపి తగలడానికీ, రక్తంలో షుగర్ పెరగడానికీ నేరుగా లంకె లేదని అర్థమయ్యేలా చెప్పడం నా వృత్తిలో కష్టమైన పనుల్లో ఒకటి. పచ్చి అరటికాయలో చక్కెర రెండు గ్రాముల చిల్లరే, అందుకే చప్పగా ఉంటుంది. మిగతాదంతా పిండి. ఉడికిన పిండి పేగులోకి వెళ్లాక గ్లూకోజ్ కాక ఇంకేమవుతుంది? కాయ పండితే ఆ పిండే చక్కెరగా మారి తియ్యగా అవుతుంది, మొత్తం పిండిపదార్థం మాత్రం పెద్దగా మారదు. క్యారెట్‌లో ఉన్న కొంచెం తీపీ పైకే కనిపిస్తుంది, అరటికాయలో ఉన్నది కనిపించదు.

ఎంత చెప్పినా ఆవిడకు పూర్తిగా నమ్మకం కుదరలేదు, నాకు అది తప్పుగా అనిపించదు, తొమ్మిదేళ్లు విన్న మాట ఒక్క పూటలో పోదు. అందుకే గ్లూకోమీటర్‌తోనే తేల్చుకోమన్నాను. అన్నం తూచి అంతే, పప్పు అంతే, మాత్రలు అవే, భోజనం టైమ్ అదే, రెండు రోజులు అరటికాయ కూర, రెండు రోజులు క్యారెట్ కొబ్బరి కూర, రెండూ 150 గ్రాములే. మొదటి ముద్ద నుంచి రెండు గంటలకు చూసుకోవాలి. అరటికాయ రోజుల్లో 236, 244. క్యారెట్ రోజుల్లో 188, 179. ఆ కాగితం ఆవిడే రాసుకొచ్చారు, మాస్టారి ఎర్ర పెన్నుతో కింద గీత కూడా గీసి ఉంది.

అసలు క్యారెట్‌కు ఈ చెడ్డపేరు ఒక్క మన పెద్దవాళ్ల వల్లే రాలేదు. 1981లో టొరంటోలో డేవిడ్ జెంకిన్స్ బృందం మొట్టమొదటి గ్లైసీమిక్ ఇండెక్స్ పట్టిక (ఏ ఆహారం రక్తంలో షుగర్‌ను ఎంత పెంచుతుందో చెప్పే అంకెల పట్టిక) వేసినప్పుడు క్యారెట్‌కు 92 వచ్చింది, గ్లూకోజ్ 100 అయితే. దాన్ని పట్టుకుని చాలామంది క్యారెట్‌ను నిషేధ జాబితాలో పెట్టేశారు. తర్వాత మళ్లీ మళ్లీ కొలిస్తే ఉడికించిన క్యారెట్‌కు అందులో సగం, అంతకన్నా తక్కువే వచ్చింది. అంకె ఎంతైనా ఇంకో మెలిక ఉంది. ఆ పరీక్షలో మనిషికి పెట్టేది 50 గ్రాముల అరిగే పిండిపదార్థం ఇచ్చేంత ఆహారం. క్యారెట్‌తో 50 గ్రాములు రావాలంటే ముప్పావు కిలో దాకా తినాలి. ఎవరు తింటారు? అరటికాయతో అయితే రెండు కాయలతోనే అయిపోతుంది.

ఇక డాలస్ నుంచి వచ్చిన ఒక ఫార్వర్డ్ వీడియో: పచ్చి అరటికాయలో రెసిస్టెంట్ స్టార్చ్ ఉంటుంది, అది అరగదు, కాబట్టి షుగర్ పెరగదు. సగం నిజం. పచ్చిగా ఉన్నప్పుడు అందులో అరగని పిండి నిజంగానే ఎక్కువ, కానీ మనం పచ్చి అరటికాయ కొరుక్కు తినం కదా. ఉడికించగానే ఆ పిండి రేణువులు ఉబ్బి విచ్చుకుంటాయి, చాలా భాగం మామూలు పిండిలా అరిగిపోతుంది. చల్లారబెడితే కొంత మళ్లీ గట్టిపడుతుంది గానీ, ఆవిడ మీటర్‌లో 240 చూపిస్తున్న దాన్ని కిందికి దించేంత కాదు. వీడియోల వాళ్లు వంటింట్లోకి రారు, అదే వాళ్లతో ఇబ్బంది. విరేచనాలు తగ్గడానికి ఉడికించిన అరటికాయ పెట్టడం మాత్రం మంచి పాతకాలపు పద్ధతే, బంగ్లాదేశ్‌లో పిల్లల మీద 2001లో అచ్చయిన పరిశోధనలో ఫలితం కనిపించింది కూడా, కాకపోతే అది వేరే రోగం.

వేపుడు నూనె సంగతి త్వరగా చెప్పేస్తాను. ఇద్దరి కూరకు నాలుగు టేబుల్ స్పూన్లు పడుతోంది, స్పూన్‌కు 120 కిలో క్యాలరీలు, అంటే ఆవిడ వాటాకు కూరలో ఉన్న అరటికాయ కన్నా నూనె క్యాలరీలే ఎక్కువ. ముక్కలు ముందే ముప్పాతిక ఉడికించి, ఇనప మూకుడులో స్పూన్ నూనెతో తిప్పితే సరిపోతుందని మాట్లాడుకున్నాం. రుచి తగ్గిందని మాస్టారు అన్నారు, నిజమే, తగ్గుతుంది.

ఇంతసేపూ క్యారెట్ తరఫున మాట్లాడుతున్నట్టు ఉంది గానీ అరటికాయను విలన్ చేయడం నా ఉద్దేశం కాదు. 100 గ్రాములకు పొటాషియం క్యారెట్‌లో 320 మిల్లీగ్రాములు, ప్లాంటైన్‌లో 430 నుంచి 500 దాకా. మెగ్నీషియం క్యారెట్‌లో 12, ప్లాంటైన్‌లో 36 దగ్గర. బి6 కూడా రెట్టింపు. పచ్చిగా కొలిస్తే విటమిన్ సి మూడు రెట్లు, 18కి 6, ఉడికాక ఎంత మిగులుతుందనేది వేరే సంగతి. కోస్తే నల్లబడుతుంది కాబట్టి ఐరన్ దండిగా ఉంటుందని ఆవిడ నమ్మకం. ఆ నలుపు ఐరన్ వల్ల కాదు, కాయలో ఉన్న ఒక ఎంజైమ్ గాలి తగలగానే పాలీఫినాల్స్ అనే పదార్థాలను నల్లబరుస్తుంది, వంకాయ నల్లబడేదీ అందుకే. క్యారెట్‌కు ఎదురులేనిది ఒక్క చోట, విటమిన్ ఎ. 100 గ్రాముల్లో 8,300 మైక్రోగ్రాముల దాకా బీటా కెరోటిన్ (క్యారెట్‌కు ఆ రంగునిచ్చే పదార్థం), ఒంట్లో విటమిన్ ఎగా మారే లెక్కలో 835 మైక్రోగ్రాములు. మన భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2020లో ఆడవాళ్లకు రోజుకు చెప్పిన మోతాదు 840, అంటే ఒక మంచి క్యారెట్, కాస్త చిన్నది ఇంకోటి వేస్తే రోజు గడిచిపోతుంది. ప్లాంటైన్‌లో అది 56. ఆరెంజ్ రంగు ఊటీ రకం క్యారెట్ సంగతి ఇది, చలికాలంలో వచ్చే ఎర్ర ఢిల్లీ క్యారెట్‌లో బీటా కెరోటిన్ తక్కువ, టమాటాలో ఉండే లైకోపీన్ ఎక్కువ.

బీటా కెరోటిన్ ఒంటబట్టాలంటే కాస్త ఉడకాలి, కాస్త నూనె తగలాలి. పచ్చి ముక్కలు ఉత్తినే నమిలితే చాలా భాగం అలాగే బయటికి పోతుంది. తురిమి, పోపులో మగ్గించి, కొబ్బరి వేసే మన క్యారెట్ కూర ఈ పనికి సరిగ్గా సరిపోతుంది, సలాడ్ కన్నా ఇదే మేలు అని నా అభిప్రాయం.

ఇప్పుడు మాస్టారు. రెండోసారి వచ్చినప్పుడు ఆయన రిపోర్టులు కూడా తెచ్చి బల్ల మీద పెట్టారు, "మా ఆవిడకు ఇంత చెప్పారు, నా సంగతీ కాస్త చూడండి మేడమ్" అని. క్రియాటినిన్ 2.1, ఈజీఎఫ్ఆర్ 34 (రెండూ కిడ్నీల పనితీరు చెప్పే పరీక్షలే), పొటాషియం 5.6, ఉండాల్సిన దానికన్నా ఎక్కువ. కిడ్నీలు సరిగా పని చేయకపోతే పొటాషియం ఒంట్లోంచి సరిగా బయటికి పోదు. బీపీకి టెల్మిసార్టన్ వేసుకుంటున్నారు, అది పొటాషియాన్ని ఒంట్లో నిలబెట్టే మందు. కిడ్నీ డాక్టరు పళ్లు తగ్గించమన్నారట, ముఖ్యంగా అరటిపండు, కొబ్బరినీళ్లు. ఆయన నిక్కచ్చి మనిషి, ఆ రోజు నుంచి అరటిపండు ముట్టలేదు. అరటికాయ? "పండు వద్దన్నారు గానీ కాయ వద్దన్లేదుగా!"

పొటాషియం దగ్గర ఈ రెండు కాయగూరల లెక్క చూడాల్సిన తీరే మారుతుంది. క్యాలరీకి ఎంత అని చూస్తే క్యారెట్‌లోనే పొటాషియం ఎక్కువ, అరటికాయ కన్నా రెండింతలకు పైనే, ఎందుకంటే క్యారెట్‌లో క్యాలరీలే తక్కువ. కానీ మనిషి క్యాలరీలు చూసి కూర వడ్డించుకోడు, గిన్నె చూసి వడ్డించుకుంటాడు. గిన్నె లెక్కన 150 గ్రాముల క్యారెట్‌లో 480 మిల్లీగ్రాములు, అంతే అరటికాయలో 700 దాకా. వండే పద్ధతి ఇంకా ముఖ్యం. క్యారెట్ ఉడికించి నీళ్లు వార్చేస్తే 100 గ్రాములకు 320 ఉన్నది 235 అవుతుంది. బంగాళదుంపల మీద 2008లో అమెరికాలో చేసిన పనిలో ముక్కలుగా ఉడికిస్తే పొటాషియం సగం పోయింది, తురిమి ఉడికిస్తే ముప్పాతిక వంతు పోయింది, ఊరికే నీళ్లలో నానబెడితే మాత్రం చెప్పుకోదగ్గంత పోలేదు. రాత్రంతా నానబెట్టమని చెప్పే సలహా ఇంకా చాలాచోట్ల చలామణీ అవుతోంది, అది మానేసి సన్నగా కోసి నీళ్లు ఎక్కువ పోసి ఉడికించి వార్చమని చెప్తే పని జరుగుతుంది.

మాస్టారింట్లో అరటికాయ ఎలా వండుతారో చూస్తే, ఆయనకు ఇష్టమైనవి రెండూ ఒక్క చుక్క పొటాషియం కూడా బయటికి పోనివ్వని పద్ధతులు. ఒకటి తొక్కతోనే కుక్కర్‌లో పెట్టి చిదిమే కూర, రెండోది కుంపటి మీద కాల్చిన పొడి. అరటికాయ వారానికి ఒక్కసారి, అదీ సన్నటి ముక్కలుగా, వార్చి, చిన్న కప్పు, అని ఆయనతో ఒప్పందం కుదిరింది. పప్పు, టమాటా, కొబ్బరి సంగతులు వేరేగా మాట్లాడాం, అవి ఇక్కడ రాయను.

మూడోసారి వచ్చినప్పుడు కేసు ఇంకో మలుపు తిరిగింది. మధ్యలో ఆవిడకు కళ్ల పరీక్ష చేశారు, షుగర్ వల్ల రెటీనాలో తొలి దశ మార్పులు మొదలయ్యాయన్నారు. ఇంట్లో టెన్షన్. క్యారెట్ ఇప్పుడు అనుమతి ఉన్న కూరగాయ కదా, కళ్లకు మంచిది కూడా కదా, కూతురు జ్యూసర్ కొనిచ్చింది. రోజూ పొద్దున్నే కిలో క్యారెట్లు, ఇద్దరికీ చెరో పెద్ద గ్లాసు. ఈ సంగతి నాకు ముందుగా ఎవరూ చెప్పలేదు, కాగితంలో రాయలేదు, ఎందుకంటే జ్యూస్ తిండి కిందికి రాదు వాళ్ల లెక్కలో.

ఆవిడ కూర్చుని రిపోర్ట్ కవరు తీస్తుంటే అరచేతులు కనిపించాయి. పసుపు కలిపిన చేయి కడుక్కున్నా వదలనట్టుగా ఒక నారింజ ఛాయ. ముక్కు పక్కన మడతల్లో కూడా. కూతురు అప్పటికే కామెర్లని భయపడి పసరు మందు ఎక్కడ దొరుకుతుందో కనుక్కుంటోంది. వెలుతురు దగ్గరికి తీసుకెళ్లి కింది రెప్ప లాగి చూశాను, కంటి తెల్లగుడ్డు తెల్లగానే ఉంది. కామెర్లయితే ముందు అక్కడే పచ్చబడుతుంది. మూత్రం రంగు మామూలే. అయినా ఫిజీషియన్ దగ్గరికి పంపాను, కామెర్లలో పెరిగే బిలిరుబిన్ 0.7 వచ్చింది, అంటే మామూలే. ఇది కెరోటినీమియా. రోజుకు అరకిలో క్యారెట్ అంటే 40 మిల్లీగ్రాముల బీటా కెరోటిన్, వారాల తరబడి అంత పడితే చర్మం కింద కొవ్వులో, అరచేతుల మందపాటి చర్మంలో చేరి కనిపిస్తుంది. షుగర్, థైరాయిడ్ ఉన్నవాళ్లలో ఇంకాస్త తొందరగా. ప్రమాదం లేదు, ఒళ్లు తనకు కావాల్సినంతే విటమిన్ ఎగా మార్చుకుంటుంది, జ్యూస్ ఆపితే కొన్ని వారాల్లో, ఒక్కోసారి రెండు మూడు నెలల్లో, రంగు దానంతటదే పోతుంది. పసరు మందు అక్కర్లేదు, కిడ్నీ జబ్బు ఉన్న ఇంట్లోకి అసలే వద్దు.

రంగు కన్నా నన్ను ఆలోచనలో పడేసింది మాస్టారి రిపోర్ట్. అరటికాయ అంత తగ్గించినా పొటాషియం 5.5 దగ్గరే నిలిచిపోయింది. గ్లాసు క్యారెట్ జ్యూస్‌లో, 250 మిల్లీలీటర్లు అనుకుంటే, 700 మిల్లీగ్రాముల పొటాషియం ఉంటుంది. గిన్నెడు అరటికాయ మానేసి అంతే పొటాషియాన్ని పొద్దున్నే పరగడుపున తాగుతున్నారన్నమాట. కూరగా వార్చి తింటే ఆయనకు పనికొచ్చే క్యారెట్, జ్యూస్‌గా పనికిరాదు. ఆవిడకూ అంతే, పీచు పిప్పిలో పోయింది, అరకిలోలో ఉన్న ఇరవై గ్రాముల పైన చక్కెర గ్లాసులోకి వచ్చింది, టిఫిన్ తర్వాత షుగర్ కొత్తగా పెరగడం మొదలైంది. ఇక కళ్లంటారా, విటమిన్ ఎ లోపం వల్ల వచ్చే రేచీకటికి క్యారెట్ పనికొస్తుంది. షుగర్ వల్ల రెటీనాలో రక్తనాళాలు దెబ్బతింటే దాన్ని ఆపేది షుగర్, బీపీ కంట్రోల్, కళ్ల డాక్టరు దగ్గర సమయానికి చూపించుకోవడం, అంతే. కళ్లద్దాల నంబర్ కూడా క్యారెట్‌తో తగ్గదు, ఈ మాట నేను చెప్పిన ప్రతిసారీ ఎవరో ఒకరు నొచ్చుకుంటారు.

జ్యూసర్ అటక ఎక్కింది. నాలుగు నెలల తర్వాత ఆవిడ హెచ్‌బీఏ1సీ 7.4, మధ్యాహ్నం భోజనం తర్వాత 170 నుంచి 190 మధ్య. మాస్టారి పొటాషియం 4.9. ఈ అంకెలు చూసి క్యారెట్ గెలిచిందని రాసేస్తే బాగుంటుంది గానీ అది నిజం కాదు. మధ్యలో ఆవిడ డాక్టరు మెట్‌ఫార్మిన్ పెంచారు, సాయంత్రం నడక మొదలుపెట్టారు, రాత్రి భోజనం తొమ్మిదిన్నర నుంచి ఏడున్నరకు జరిగింది. మాస్టారికి టెల్మిసార్టన్ డోసు తగ్గించారు. ఇన్ని మారినప్పుడు ఏది ఎంత పని చేసిందో విడదీయలేం. మధ్యాహ్నం కూర ప్రభావం మాత్రం ఆ నాలుగు రోజుల మీటర్ అంకెల్లో విడిగా కనిపించింది కాబట్టి దాని మీద నాకు అనుమానం లేదు.

ప్రస్తుతం నడుస్తున్న పద్ధతి ఇది. ఆవిడ కంచంలో అరటికాయ కూర కిందికి రాదు, అన్నం ఖాతాలోకి వస్తుంది. అరటికాయ వండిన రోజు అన్నం సగమే, పక్కన దొండకాయో, గోంగూరో, ఏదో ఒక అసలైన కూర ఉండాలి. క్యారెట్ వారానికి మూడు నాలుగు రోజులు, కూరగానో, సాంబారులో ముక్కలుగానో, కొరుక్కుని తినాలనిపిస్తే ఒకటి. హల్వా గురించి అడిగారు, అందులో క్యారెట్ గురించి మాట్లాడుకోవడానికి ఏం లేదు, పంచదార గురించి మాట్లాడుకోవాలి అన్నాను. అదే ఇంట్లో మాస్టారి అత్తగారు ఉన్నారు, 86 ఏళ్లు, పళ్లు లేవు, 38 కిలోలు, తిండి సయించదు. ఆవిడకు మాత్రం మెత్తగా ఉడికించి, నెయ్యి వేసి చిదిమిన అరటికాయ రోజూ పెట్టమన్నాను. తక్కువ ముద్దల్లో ఎక్కువ శక్తి కావాల్సిన మనిషికి క్యారెట్ ఇచ్చి కడుపు నింపడం దండగ.

పోయినసారి లేస్తూ ఆవిడ ఇంకోటి అడిగారు. వచ్చే నెల మామగారి తద్దినం, ఆ రోజు వంటలో క్యారెట్ లాంటి ఇంగ్లీషు కూరగాయలు పెట్టరు, అరటికాయ తప్పనిసరి, గారెలు, పరమాన్నం కూడా ఉంటాయి, ఎలా? వడ్డన ఆపాల్సిన పనేం లేదన్నాను. ఆ పూట అన్నం రెండు ముద్దలకు తగ్గించి, అరటికాయ కూర చిన్న గరిటెడు, గారె ఒకటి, పరమాన్నం రుచికి, పెరుగు మామూలుగా. మధ్యాహ్నం ఎలాగూ ఆలస్యమవుతుంది కాబట్టి గ్లిమెపిరైడ్ మాత్ర పొద్దున ఖాళీ కడుపున వేసేసుకుని కూర్చోవద్దని, దాని టైమ్ ముందే డాక్టర్ని ఫోన్‌లో అడిగి పెట్టుకోమని చెప్పాను. మాస్టారి కోసం కాయలు సన్నగా కోసి, ఉడికించి, నీళ్లు వార్చాలి. వంటకు వచ్చే బ్రాహ్మడికి ఆ మాట ఎవరు చెప్పాలన్న దాని మీద ఇద్దరూ మెట్లు దిగేదాకా వాదించుకుంటూనే ఉన్నారు.